స్టూడెంట్ మిస్టరీ షార్ట్ ఫిల్మ్‌కి పాత్రలు, కాస్ట్యూమ్స్ ఎలా తయారు చేసుకోవాలి?

"కథ రెడీ సర్, కెమెరా ఉంది, యాక్టర్లు మా క్లాస్‌మేట్లే. కాస్ట్యూమ్స్ ఏం వేయమంటారు?"

షార్ట్ ఫిల్మ్ తీసే స్టూడెంట్స్ నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. అదీ షూటింగ్‌కి రెండు రోజుల ముందు అడుగుతారు. లవ్ స్టోరీ అయితే ఎవరింట్లో ఉన్న బట్టలు వాళ్లు తెచ్చుకుని ఎలాగోలా సర్దుకోవచ్చు. మిస్టరీకి అలా కుదరదు. మిస్టరీ చూసేవాళ్లు ప్రతి ఫ్రేమునీ అనుమానంగానే చూస్తారు. మీరు పొరపాటున మార్చిన చొక్కాని కూడా క్లూ అనుకుంటారు.

నేను కాస్ట్యూమ్స్ చూసిన ఒక స్టూడెంట్ ఫిల్మ్‌లో హీరో వాచ్ ఒక సీన్లో ఎడమ చేతికి, తర్వాతి సీన్లో కుడి చేతికి ఉంది. రెండు సీన్లకీ మధ్య మూడు వారాల గ్యాప్ వచ్చింది, ఎవరూ గమనించలేదు. కాలేజీలో వేసి చూపించినప్పుడు సగం మంది "వాచ్ మారింది కాబట్టి దొంగ వాడే" అని తేల్చేశారు. అసలు దొంగ బయటపడినప్పుడు ఎవరూ నమ్మలేదు. తప్పు నాదే. అందుకే ఇదంతా ఒక్కచోట, వరసగా రాస్తున్నాను.

ముందుగా కావలసినవి

- ఒక నోట్‌బుక్ (ఫోన్ నోట్స్ కాదు, సెట్లో చేతులు మారేది పుస్తకమే)
- ఫోటోలకి ఒక ఫోన్, అందులో ఈ సినిమాకి మాత్రమే ఒక ఆల్బమ్
- ఒక్కో పాత్రకి ఒక గుడ్డ సంచి, పేరు చీటీ
- పిన్నీసులు, సూదీదారం, అదనపు గుండీలు, సర్జికల్ టేప్, చిన్న ఇస్త్రీపెట్టె
- గరుకు కాగితం, టీ పొడి, పర్మనెంట్ మార్కర్
- పదిహేను నిమిషాల సినిమాకి 1,500 నుంచి 3,000 రూపాయలు. మిగతావన్నీ ఇళ్లలో దొరుకుతాయి.
- కాస్ట్యూమ్స్ మాత్రమే చూసుకునే ఒక మనిషి. ఆ మనిషి యాక్ట్ చేయకూడదు, డైరెక్ట్ చేయకూడదు.

చివరిది ఎవరూ పట్టించుకోరు. "అది కూడా ఒక డిపార్ట్‌మెంటా?" అంటారు. మన దేశానికి మొట్టమొదటి ఆస్కార్ తెచ్చింది కాస్ట్యూమ్ డిజైనరే. ఆమె భాను అథయా, సంవత్సరం 1983.

కింద చెప్పేవన్నీ అర్థం కావడానికి మేము తీసిన ఒక కథ తీసుకుందాం. ఇంజనీరింగ్ కాలేజీ బాయ్స్ హాస్టల్. రాత్రి 9:30కి కరెంటు పోయింది, 9:50కి వచ్చింది. ఆ ఇరవై నిమిషాల్లో మెస్ డబ్బుల పెట్టె మాయం. అనుమానితులు నలుగురు: మెస్ సెక్రటరీ, వార్డెన్, వంటమాస్టర్, అయ్యప్ప మాలలో ఉన్న ఒక సీనియర్. ఆరా తీసేది ఒక ఫస్టియర్ కుర్రాడు. మొత్తం ఐదుగురు. పదిహేను నిమిషాలకి అంతకంటే ఎక్కువ వద్దు, ముఖాలు గుర్తుపెట్టుకోవడానికే టైమ్ అయిపోతుంది.

1. స్క్రిప్టు పక్కన పెట్టి, నిజంగా జరిగింది రాయండి

సినిమాలో ఏ సీన్ ముందు వస్తుందన్నది ఇప్పుడు అనవసరం. గడియారం ప్రకారం ఏం జరిగిందో, అప్పుడు ఎవరి ఒంటి మీద ఏముందో రాయండి. మన కథలో దొంగ సెక్రటరీనే. పది రోజుల ముందే డబ్బంతా వాళ్ల నాన్న ఆపరేషన్ కోసం వాడేశాడు. పెట్టె ఖాళీ.

- 8:15: సెక్రటరీ మెస్‌లో లెక్కలు రాస్తున్నాడు. లేత నీలం చొక్కా, జేబులో పెన్ను.
- 9:30: కరెంటు పోయింది.
- 9:33: ఖాళీ పెట్టెతో వంటగది వెనక కట్టెల గదిలోకి వెళ్లాడు. చొక్కాకి మసి అంటింది.
- 9:40: ఆ చొక్కా విప్పి కట్టెల కింద దాచాడు. పైకి వస్తూ చీకట్లో వరండా దండెం మీద చేతికందిన చొక్కా వేసుకున్నాడు. అదీ లేత నీలమే, కానీ జేబు లేదు.
- 9:50: కరెంటు వచ్చింది. "పెట్టె పోయింది" అని అరిచాడు.

ఈ పట్టిక లేకుండా బట్టలు కొనడానికి వెళ్లకండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. "దొంగ కాబట్టి నల్ల చొక్కా" అని ముందే డిసైడ్ అయిపోతారు. నల్ల చొక్కా, ఎర్ర కళ్లు, మాసిన గడ్డం కనిపిస్తే మూడో నిమిషానికే ఆట అయిపోయినట్టు.

2. ఒక్కో పాత్రకి నాలుగు జవాబులు

పది పేజీల జీవిత చరిత్ర అక్కర్లేదు. ఇవి చాలు: వీడికి ఏం కావాలి? ఏం దాస్తున్నాడు? ఏ అబద్ధం చెబుతాడు? చేతులకున్న అలవాటు ఏంటి?

దొంగ ఒక్కడే దాస్తే కథ తేలిపోతుంది. ప్రతివాడూ ఏదో ఒకటి దాచాలి. అది దొంగతనానికి సంబంధం లేనిది కావాలి. మన వంటమాస్టర్ మిగిలిన నూనె ప్యాకెట్లు ఇంటికి తీసుకెళ్తాడు. సీనియర్‌కి నాలుగు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, ఇంట్లో అన్నీ పాసయ్యానని చెప్పాడు, ఆ రాత్రి డాబా మీద నాన్నతో ఫోన్లో ఉన్నాడు. వార్డెన్ ఆ టైముకి సెకండ్ షో సినిమాకి బయల్దేరాడు, "గదిలో పడుకున్నాను" అంటాడు.

ఇప్పుడు వార్డెన్‌ని చూడండి. పడుకున్న మనిషి లుంగీ బనియన్‌తో ఉండాలి. మనవాడు కరెంటు వచ్చాక ప్యాంటు, టక్ చేసిన చొక్కా, కాళ్లకి షూస్‌తో దిగుతాడు. డైలాగ్ ఒకటి చెబుతోంది, బట్టలు ఇంకోటి చెబుతున్నాయి. చూసేవాళ్లు వార్డెన్ మీద పడతారు. మీకు కావలసింది అదే.

నాలుగో ప్రశ్నని తేలిగ్గా తీసుకోవద్దు. సెక్రటరీ మాట్లాడుతూ మాట్లాడుతూ జేబులో పెన్ను తీసి క్యాప్ నొక్కుతుంటాడు. చొక్కా మారాక, వార్డెన్ సంతకం పెట్టమంటే చెయ్యి అలవాటుగా గుండె దగ్గరికి వెళ్తుంది. అక్కడ జేబు లేదు. చెయ్యి ఊరికే కిందికి దిగుతుంది. ఒక్క సెకను. మొత్తం సినిమాకి అదే తాళంచెవి. మీ యాక్టర్‌తో ఈ ఒక్క కదలికని ఇరవై సార్లు రిహార్సల్ చేయించండి. ఎక్కువ చేస్తే దొరికిపోతాడు, తక్కువ చేస్తే ఎవరికీ కనపడదు.

3. "ఈ చొక్కా ఎవరు కొన్నారు?" అని అడగండి

రంగు తర్వాత. ముందు ఆ బట్ట కథ తెలియాలి. ఎవరు కొన్నారు, ఎన్నేళ్లయింది, ఎవరు ఉతుకుతారు, ఇస్త్రీ ఎవరిది?

వార్డెన్ చొక్కాకి గంజి ఉంటుంది, చేతుల మీద ఇస్త్రీ మడత కత్తిలా ఉంటుంది. వంటమాస్టర్ భుజాన తువ్వాలు ఉంటుంది, దాని ఒక కొస మాత్రమే పసుపు, నూనె మరకలతో ఉంటుంది, ఎందుకంటే చెయ్యి ఎప్పుడూ అదే కొసకి తుడుస్తాడు. ఫస్టియర్ కుర్రాడి ప్యాంటు రెండంగుళాలు పొడుగు: "పెరిగే పిల్లాడు" అని అమ్మ కొనిచ్చింది. మీ ఇంట్లో, మీ హాస్టల్లో రోజూ కనిపించేవే ఇవి. సినిమాల్లో చూసిన బట్టలు కాకుండా మీ వీధిలో చూసినవి పెట్టండి.

మాలలో ఉన్న సీనియర్ గురించి జాగ్రత్త. నల్ల బట్టలు, మాల, గడ్డం ఒక్కటే కాదు, కాళ్లకి చెప్పులు ఉండవు. ఇది మరిచిపోయి చప్పల్స్‌తో నిలబెట్టిన ఫిల్మ్‌లు చూశాను. ఆ చెప్పులు లేకపోవడాన్నే మన కథలో వాడుకోవచ్చు. కట్టెల గది బూడిదలో చెప్పుల అచ్చు ఉంది, కాబట్టి నల్ల బట్టలున్నవాడు దొంగ కాదు. మాల వేసుకోని యాక్టర్ మెడలో పూజ చేసిన అసలు మాల వేయకండి. మామూలు పూసల దండ చాలు. కథ నవంబర్–జనవరి మధ్య జరుగుతున్నట్టు ఉండాలి, అంటే వరండాలో మంకీ క్యాపులు, స్వెట్టర్లు కూడా ఉండాలి.

గర్ల్స్ హాస్టల్ కథ అయితే గోరింటాకు కంటే మంచి క్లూ నాకు తెలియదు. "ఆ ఫంక్షన్‌కి నేను వెళ్లలేదు" అన్న అమ్మాయి వేళ్ల కొసల్లో పండిన ఎరుపు మిగిలి ఉంటుంది. అది రోజులు గడిచేకొద్దీ వెలిసిపోతుంది కాబట్టి ఎప్పుడు పెట్టుకుందో కూడా చెబుతుంది. పెళ్లి దాచిన పాత్రకి మెట్టెలు తీసేసిన వేలి మీద తెల్లటి చార చాలు.

4. క్లూ ఉన్న బట్టని మూడుసార్లు చూపించండి

మొదటిసారి: మామూలుగా, వేరే పని మధ్యలో. సెక్రటరీ లెక్కలు రాసి పెన్ను జేబులో పెట్టుకుంటాడు. దృష్టి లెక్కల మీద.

రెండోసారి: తేడాతో, కానీ ఆగకుండా. చెయ్యి జేబు కోసం వెళ్లే సెకను. ఇక్కడ క్లోజప్ వద్దు. నలుగురూ నడుము వరకు కనిపించే మిడ్ షాట్‌లో జరగనివ్వండి. క్లోజప్ వేశారంటే చూపుడు వేలు పెట్టి చూపించినట్టే.

మూడోసారి: బయటపెట్టేటప్పుడు. ఇక్కడ క్లోజప్ కావాలి. ఫస్టియర్ కుర్రాడు కాలర్ వెనక్కి తిప్పితే లోపల నల్లటి గుర్తు: 217. సెక్రటరీ గది 214.

ఆ గుర్తు గురించి ఒక మాట. హాస్టల్ ధోబీ బట్టలు కలిసిపోకుండా కాలర్ లోపల గది నంబరో చుక్కలో పెడతాడు కదా. పాతకాలంలో దానికి నల్లజీడి గింజ రసం వాడేవారు, ఎన్ని ఉతుకులకైనా పోదు. మీరు మాత్రం నల్లజీడి జోలికి వెళ్లకండి, ఆ రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. పర్మనెంట్ మార్కర్‌తో రాసి, రెండుసార్లు ఉతికితే పాత గుర్తులా కనిపిస్తుంది. ఆ గుర్తు ఎందుకు పెడతారో సినిమా మొదట్లోనే ఒకసారి చూపించాలి. లేకపోతే 217 ఎవరికీ అర్థం కాదు.

5. కథ రోజులు లెక్కపెట్టండి

షూటింగ్ రోజులు వేరు, కథ రోజులు వేరు. నోట్‌బుక్‌లో ప్రతి సీన్ పక్కన "కథ రోజు 1, రాత్రి", "కథ రోజు 2, ఉదయం" అని రాయండి. ఒక కథ రోజుకి ఒక జత. ఫ్లాష్‌బ్యాక్‌కి వేరే వరస. మన కథ దాదాపు ఒకే రాత్రి కాబట్టి ఐదుగురికి కలిపి ఏడు జతలు సరిపోయాయి. బట్టలు తక్కువైతే తప్పులూ తక్కువే. ప్రతి సీన్‌కి డ్రెస్ మార్చాలని యాక్టర్లు అడుగుతారు, ఒప్పుకోకండి.

మరక పడేది, చిరిగేది ఏదైనా ఉంటే రెండు కొనండి. మసి అంటుకునే నీలం చొక్కా మాకు రెండు కావలసి వచ్చింది. రెండో టేక్‌కి మసి లేని చొక్కా లేకపోతే ఆ రోజు షూటింగ్ అక్కడితో ఆగిపోతుంది.

6. బట్టలు సేకరించడం

ముందు యాక్టర్ల ఇళ్లు, తర్వాత నాన్నల, బాబాయిల బీరువాలు. యాభై ఏళ్ల పాత్రకి ఇరవై ఏళ్ల కుర్రాడి స్లిమ్ ఫిట్ చొక్కా వేసి జుట్టుకి పౌడర్ రాస్తే వయసు రాదు. నాన్నగారి వదులు ప్యాంటు వేసి, బెల్టు బొడ్డు పైకి పెట్టించి, కళ్లజోడు తగిలిస్తే నడకే మారుతుంది. వీలైతే నిజంగా ఆ వయసున్న మేనమామనో, ల్యాబ్ అసిస్టెంటునో అడగండి. చాలామంది సంతోషంగా వస్తారు.

కొనాల్సి వస్తే హైదరాబాద్‌లో కోఠి సుల్తాన్ బజార్, విజయవాడలో బీసెంట్ రోడ్ లాంటి చోట్ల తక్కువలో దొరుకుతాయి. అద్దెకి హైదరాబాద్ కృష్ణానగర్ చుట్టుపక్కల కాస్ట్యూమ్ షాపులు ఉన్నాయి. ఊళ్లో అయితే స్కూల్ ఫంక్షన్లకి ఫ్యాన్సీ డ్రెస్ అద్దెకిచ్చే షాపు చూడండి. అద్దెకి తెస్తే ముందే ఫోటో తీసుకోండి, పాత మరక మీ మీద పడకుండా ఉంటుంది. ఛాతీ మీద పెద్ద కంపెనీ లోగోలు, సినిమా హీరోల బొమ్మలు ఉన్న టీషర్టులు వద్దు, కన్ను అక్కడికే పోతుంది.

పోలీస్ పాత్ర అవసరమా అని రెండుసార్లు ఆలోచించండి. మఫ్టీలో పెడితే సగం టెన్షన్ పోతుంది. యూనిఫామే కావాలంటే స్టార్లు సరిచూసుకోండి: ఏఎస్సైకి ఒకటి, ఎస్సైకి రెండు, సీఐకి మూడు, వీటి పక్కన ఎరుపు–నీలం రిబ్బన్ ఉంటుంది. డీఎస్పీకి మూడు స్టార్లు, రిబ్బన్ ఉండదు. ఎస్సై అని పిలుస్తూ మూడు స్టార్లు పెడితే మన ఊళ్లో పిల్లలు కూడా పట్టేస్తారు. యూనిఫామ్‌తో యాక్టర్‌ని టీ కొట్టు దగ్గరికి పంపకండి. పోలీసునని నమ్మించి మోసం చేసే ఉద్దేశంతో వేసుకోవడం నేరం. ఆ అనుమానం కూడా రాకుండా, షాట్ అవగానే పైన ఇంకో చొక్కా వేయించండి, షూటింగ్ పర్మిషన్ లెటర్ దగ్గర ఉంచుకోండి.

7. కెమెరా టెస్ట్

షూటింగ్‌కి కనీసం నాలుగు రోజుల ముందు, అదే కెమెరాతో, అదే చోట, అదే టైముకి. ఇది మానేస్తే మిగతాదంతా వృథా కావచ్చు.

- సన్నని చారలు, చిన్న గళ్లు వీడియోలో అలల్లా మెదులుతాయి. అలాంటి చొక్కా తీసేయండి.
- తెల్ల చొక్కా వేసుకుంటే ఫోన్ కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది, ముఖం నల్లబడుతుంది. ముఖం మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేయండి, లేదా తెలుపు బదులు లేత గోధుమ రంగు వాడండి.
- రాత్రి సీన్లో నల్ల బట్టలు గోడలో కలిసిపోతాయి, తల ఒక్కటే తేలుతుంది. మాలలో ఉన్న సీనియర్ వెనక పక్కనుంచి ఒక చిన్న లైట్ పెడితే భుజం గీత తెలుస్తుంది.
- పసుపు రంగు సోడియం దీపాల కింద నీలం దాదాపు నల్లగా కనిపిస్తుంది. వీధి లైట్ కింద చూసిన సాక్షి "నల్ల చొక్కా" అంటే అది అబద్ధం కాకపోవచ్చు. ఇది ఇంకో కథకి పనికొస్తుంది.
- కాలర్ మైక్ వాడితే పాలిస్టర్, పట్టు, గంజి బట్టలు గరగర శబ్దం చేస్తాయి. మైక్‌ని సర్జికల్ టేప్‌తో అంటించి విని చూడండి. గాజులు, పట్టీలు కథలో పని లేకపోతే తీయించండి.

మన కథలో అసలు పరీక్ష రెండు నీలం చొక్కాలది. కంటికి తేడా తెలిసి, కెమెరాలో తెలియకపోతే క్లూ లేనట్టే. మరీ తెలిస్తే సస్పెన్స్ లేనట్టే. మేము మూడు జతలు మార్చాక సరైనది దొరికింది.

8. పాతబరచడం, మసి, రక్తం

కొత్త చొక్కా కొత్తదిగా కనిపించకూడదు. నాలుగైదుసార్లు ఉతకండి. కాలర్ అంచు, జేబు పైభాగం, మోచేతుల దగ్గర గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి. తెల్లదనం తగ్గాలంటే టీ డికాక్షన్‌లో పది నిమిషాలు ముంచి పిండి ఆరేయండి. ముందు ఒక మూల ముంచి చూసుకోండి. అరువు తెచ్చిన బట్టల మీద ఇవేవీ చేయకూడదు.

రక్తానికి కుంకుమ నీళ్లు, టమాటా సాస్ పనిచేయవు. ఒకటి గులాబీ రంగులో, ఇంకోటి పచ్చడిలా కనిపిస్తుంది. చిక్కటి పంచదార పాకం చల్లార్చి, ఎర్ర ఫుడ్ కలర్ కలిపి, కొంచెం కాఫీ డికాక్షన్ వేస్తే సరైన రంగు వస్తుంది. గంటల క్రితం చిందిన రక్తమైతే కాఫీ పెంచండి, ఎండిన రక్తం గోధుమ రంగుకి తిరుగుతుంది. కళ్ల దగ్గర రాయకండి. చీమలు పడతాయి, షాట్ అయిన వెంటనే కడిగేయండి.

9. షూటింగ్ రోజు

షాట్‌కి ముందూ తర్వాతా ప్రతి యాక్టర్‌ని ముందు నుంచి, వెనక నుంచి, చేతులు దగ్గరగా ఫోటో తీయండి. ఎన్ని గుండీలు పెట్టాడు, చేతులు ఎంతవరకు మడిచాడు, వాచ్ ఏ చేతికి, బొట్టు ఉందా లేదా, అన్నీ పుస్తకంలో రాయండి. సాయంత్రం బట్టలు యాక్టర్లతో ఇంటికి పంపకండి. ఒకసారి అలా పంపితే వాళ్ల అమ్మగారు ప్రేమగా ఉతికి, ఇస్త్రీ చేసి పంపారు. మేము రెండు గంటలు కష్టపడి పెట్టిన మసి పోయింది.

ఇంకో సంగతి ముందే అడగాలి: షూటింగ్ అయ్యేలోపు తిరుపతి మొక్కు ఏమైనా ఉందా, ఇంట్లో పెళ్లి ఉందా? మధ్యలో గుండుతో వచ్చిన హీరోని, మోచేతుల దాకా గోరింటాకుతో వచ్చిన హీరోయిన్‌ని ఏ మేకప్పూ దాచలేదు. అలా జరిగిపోతే ఆ పాత్ర మిగతా సీన్లకి మంకీ క్యాప్ లేదా పొడుగు చేతులు పెట్టి, అది ఎందుకో ఒక డైలాగ్‌లో చెప్పించండి. కారణం చెప్పకపోతే అదీ క్లూ అయి కూర్చుంటుంది.

10. ఫలితం సరిచూసుకోవడం

రఫ్ ఎడిట్ (సీన్లన్నీ వరసగా అతికించిన మొదటి కాపీ) అయ్యాక మూడు పరీక్షలు పెట్టండి.

మొదట, సౌండ్ తీసేసి మీరే చూడండి. ఎవరు ఎవరో, ఎవరికి ఎవరంటే భయమో బట్టలూ కదలికల వల్ల తెలియాలి.

తర్వాత, ప్రతి పాత్ర ఉన్న ఫ్రేములన్నీ స్క్రీన్‌షాట్ తీసి కథ రోజుల వరసలో పక్కపక్కన పెట్టండి. వాచ్ చేతులు మారితే ఇక్కడ దొరుకుతుంది. ఆ షాట్ కత్తిరించండి, లేదా ఫ్రేమ్ కాస్త జూమ్ చేసి చెయ్యి బయటికి పంపండి.

చివరగా, కథ తెలియని ఐదుగురికి బయటపెట్టే సీన్ ముందు వరకు చూపించి ఆపేయండి. రెండు ప్రశ్నలే అడగండి: "ఎవరు తీశారు?", "ఎందుకు అలా అనిపించింది?" మొదటి జవాబు కంటే రెండోది ముఖ్యం. "వార్డెన్, షూస్ వేసుకుని ఉన్నాడుగా" అంటే మీ బట్టలు పనిచేశాయి. "సీనియర్, నల్ల బట్టలు" అంటే అదీ సరే, బూడిదలో అచ్చు ఉన్న షాట్ ఇంకొంచెం సేపు ఉంచండి. మీరు అనుకోని వస్తువు పేరు ఎవరైనా చెబితే, ఉదాహరణకి "వంటమాస్టర్ చేతి కట్టు", అది మీకు తెలియకుండా దూరిన తప్పు, తీసేయండి. ఐదుగురిలో ముగ్గురు "సెక్రటరీ, జేబు లేదు" అంటే రెండోసారి చూపించిన షాట్ పొడుగైంది, అర సెకను తగ్గించండి. ఒక్కరూ అనకపోతే, దొంగ ఎవరో చెప్పాక సినిమా మళ్లీ మొదటినుంచి వేయండి. చెయ్యి జేబు దగ్గరికి వెళ్లిన చోట "అరె" అన్నారో లేదో వినండి. అప్పుడూ అనకపోతే ఆ ఒక్క షాట్ మళ్లీ తీయాలి. రెండు నీలం చొక్కాలూ సంచిలోనే ఉంటాయి కదా, అందుకే సినిమా పూర్తయ్యేదాకా వాటిని ఎవరికీ తిరిగి ఇవ్వకండి.